శ్రుతి పెంచే చోటు

గురవమ్మ ఎప్పుడు ఏడుస్తుందో ఉదయ్ కుమార్‌కి ముందే తెలుసు.

పల్లవి మూడుసార్లు తిరగాలి. నాలుగోసారి ఎత్తుకునే ముందు పాస్టరుగారు కళ్లజోడు తీసి బైబిలు మీద పెడతారు. అదే గుర్తు. డ్రమ్స్ వాయించే అశోక్ పుల్లలు ఒళ్లో పెట్టేసుకుంటాడు. ఉదయ్ కుమార్ ఎడమచేతి చూపుడువేలు కీబోర్డు మీదున్న చిన్న బటను దగ్గరికి వెళుతుంది. ఒక్కసారి నొక్కితే శ్రుతి అరమెట్టు పైకి లేస్తుంది. అంతసేపూ నేల మీద నడుస్తున్న పాట ఉన్నట్టుండి గుమ్మం ఎక్కినట్టవుతుంది. అప్పుడు ఆడవాళ్ల వైపు రెండో వరసలో గురవమ్మ నోరు తెరుచుకుంటుంది. ముందు శబ్దం రాదు. రెండు మూడు క్షణాల తరవాత వస్తుంది. ఆమె వెనక ఇంకొకరు, ఆ పక్కన మరొకరు. గాలికి మిరపచేను వంగినట్టు మందిరమంతా ఒక మూల నించి ఇంకో మూలకి వంగుతుంది.

ఏడేళ్లుగా వాయిస్తున్నాడు. ఒక్క ఆదివారం కూడా గురి తప్పలేదు.

అందులో మోసం ఉందని అతను ఎన్నడూ అనుకోలేదు. వారంలో ఆరు రోజులు పర్చూరు రోడ్డులో శ్రీకృష్ణగారి మిరప కల్లంలో పని. టిక్కీ అనే పెద్ద గోతాం లోపలికి దిగి, కాయలు పోస్తుంటే కాళ్లతో తొక్కి బిగించడం అతని వంతు. కాలికింద కాయ చేసే చప్పుడు మారితే టిక్కీ నిండినట్టు. ఇదీ అట్లాంటి పనే అనుకునేవాడు. కుర్రతనంలో రెండేళ్లు ప్రతి శనివారం గుంటూరు బస్సెక్కి బ్రాడీపేటలో ఒక మేడమీద గదిలో కీబోర్డు నేర్చుకున్నాడు. ఏ స్వరం పక్కన ఏ స్వరం పెడితే మనిషి గొంతులో ఏం జరుగుతుందో అక్కడే తెలిసింది. దేవుడు లేడని అతనెప్పుడూ అనుకోలేదు. ఉన్నాడు, అందరికీ వస్తున్నాడు, తనకి మాత్రం రాలేదు, అంతే. వంట చేసేవాడికి ఆకలి ఉండదంటారు గదా అని సరిపెట్టుకున్నాడు.

ఈస్టరుకి ముందొచ్చే శ్రమదినాల్లో మూడు రోజుల ఉపవాస ప్రార్థనలు ఆ శుక్రవారం మొదలయ్యాయి. కల్లం పనులు తెల్లవారక ముందే మొదలుపెట్టి పదకొండింటికల్లా ముగించుకుని, చేతులకి కొబ్బరినూనె రాసుకుని, అందరూ మందిరానికి వచ్చారు. రేకుల కప్పు కింద మూడువందల మంది. ఫ్యాన్లు తిరుగుతున్నా గాలి కదలడం లేదు. మిరపకాయల ఘాటు చీరలతోపాటు లోపలికి వచ్చి అందరి గొంతుల్లోనూ కూచుంది.

ఆ రోజు చెమటకి వేలు జారింది. పాస్టరుగారు కళ్లజోడు తీశారు, అశోక్ ఆపేశాడు, ఉదయ్ కుమార్ వేలు బటను పక్కన పడింది. మళ్లీ వెతుక్కుని నొక్కేలోపు ఒక క్షణం, మహా అయితే రెండు క్షణాలు. ఆ సందులో అతనికి తెలిసింది. మందిరం అప్పటికే పైకి వెళ్లిపోయింది. మూడువందల గొంతులు కొత్త శ్రుతిలో ఉన్నాయి. పాత శ్రుతిలో ఉన్నది తన కీబోర్డు ఒక్కటే. గురవమ్మ అప్పటికే ఏడుస్తోంది.

అతను గబుక్కున నొక్కి వాళ్లని అందుకున్నాడు. అలవాటైన చెవులు, అలవాటైన పాట అని తనకి తాను చెప్పుకున్నాడు. అయినా మెడ వెనక చల్లగా ఏదో పాకినట్టయింది. ఆ ఉక్కలో అది చెమట కాదు.

*

సాయంత్రం ఇంటికొచ్చి అరచేతుల మంటకి నూనె కోసం గూట్లో వెతుకుతుంటే బిళ్లల డబ్బా చేతికి తగిలింది. బరువుగా ఉంది. మూత తీశాడు. పోయిన నెల గుంటూరు డాక్టరు రాసిచ్చిన అట్టలు మడత కూడా విప్పకుండా ఉన్నాయి.

జయకుమారి అతని మేనమామ కూతురు. పెళ్లయి ఐదేళ్లు. పదేళ్ల వయసు నించీ ఆమెకి మూర్ఛ ఉంది. పొద్దునొకటి, సాయంత్రమొకటి బిళ్ల వేసుకుంటే రాదు. మానితే వస్తుంది. ఆ సంగతి దాచి పెళ్లి చేయలేదు, తెలిసే చేసుకున్నాడు. ఆమె ఇంట్లోనే కూచుని ఊరి ఆడవాళ్లకి జాకెట్లు కుడుతుంది. అప్పుడూ కుడుతూనే ఉంది. అతను డబ్బా తెచ్చి మిషను బల్ల మీద పెడితే, ఆమె తొక్కడం ఆపలేదు. గీత పూర్తయ్యేదాకా కుట్టి, దారం పంటితో తెంపి, అప్పుడు తలెత్తింది.

"పందొమ్మిది రోజులైంది బావా మానేసి. ఒక్కసారన్నా వచ్చిందా?"

ఆ ముఖంలో భయం లేదు. అదే అతన్ని భయపెట్టింది. ఎవరు మానమన్నారని అడిగాడు. ఎవరూ అనలేదంది. పందొమ్మిది రోజుల కిందటి ఆదివారం, పాట పైకి లేచిన చోట, నడినెత్తి మీద వేడినీళ్లు పోసినట్టయిందట. అది మెడలోంచి వెన్నులోకి దిగి అరికాళ్లలోంచి వెళ్లిపోయిందట. వెళుతూ వెళుతూ ఏదో తీసుకుపోయిందని ఆమెకి రూఢిగా తెలిసిందట. ఇదంతా ఆమె జాకెట్టు కొలత చెప్పినంత మామూలుగా చెప్పింది. తనకి నయమైందని ఆదివారం అందరి ముందూ సాక్ష్యం చెప్పడానికి పాస్టరమ్మగారికి పేరు కూడా ఇచ్చేసిందట.

ఉదయ్ కుమార్ పీట లాక్కుని ఆమె ఎదురుగా కూచున్నాడు. ఏడేళ్లలో ఎవరికీ చెప్పని మాట చెప్పాడు. పాట పైకి లేచేది తన వేలితో అని. ఎక్కడ నొక్కాలో తనకి తెలుసని, నొక్కగానే ఎవరెవరు ఏడుస్తారో వరసగా చెప్పగలనని, ఆ వేడి తన చేతిలోంచి వచ్చిందేనని.

జయకుమారి చాలాసేపు అతని చేతుల వంకే చూసింది. మిరప ఘాటుకి అవి ఎర్రగా పొంగి ఉన్నాయి.

"నీ చేతిలోంచి వచ్చేదైతే, ఏడేళ్లలో నీకెందుకు తగల్లేదు?"

ఆమె డబ్బా తీసుకెళ్లి మళ్లీ గూట్లో పెట్టి, చేతికి నూనె రాసింది. ఒక్కొక్క వేలే తీసుకుని, గోరు చుట్టూ, కణుపుల మధ్యా మెల్లగా రాసింది. రాస్తున్నంతసేపూ సన్నగా ఆ పాటే కూనిరాగం తీసింది. అరమెట్టు పైనే తీసింది.

*

శనివారం కల్లంలో అతని కాళ్లు మాట వినలేదు. నిండని టిక్కీని నిండిందనుకుని పైకి రాబోతే, కాయలు పోస్తున్న మాబు నవ్వి, ఇంకో రెండు గంపలు పడతాయని లోపలికి దించాడు. గోతాంలో మెడదాకా మునిగి నిలబడితే బయటి చప్పుళ్లన్నీ దూరంగా వినిపిస్తాయి. తొడిమలు తీస్తున్న ఆడవాళ్ల మాటలు, ట్రాక్టరు చప్పుడు. వాటి మధ్య ఎవరో ఆ పాట కూనిరాగం తీస్తున్నట్టుంది. అతను తొక్కడం ఆపితే అదీ ఆగింది.

పదకొండు కాకముందే సెలవడిగి మందిరానికి వెళ్లాడు. పాస్టరుగారు ఒక్కరే చాపలు పరుస్తున్నారు. అరవై దాటిన మనిషి, నడుంనొప్పి. ఒక చాప దులిపి పరచడం, నడుం పట్టుకుని నిలబడటం, ఇంకో చాప. ఉదయ్ కుమార్ రెండో కొస పట్టుకుని తనూ పరుస్తూ జయకుమారి సంగతి చెప్పాడు. బిళ్లలు వేసుకొమ్మని మీరు ఒక్కమాట చెబితే వింటుందన్నాడు.

పాస్టరుగారికి బిళ్లల సంగతి తెలియదు. విని చాప మీదే కూలబడ్డారు. బిళ్లలు మానమని తానెప్పుడూ ఎవరికీ చెప్పలేదన్నారు. తన సుగరు బిళ్లలు తాను వేసుకుంటూనే ఉన్నానన్నారు.

"కానీ ఉదయ్, నీకు స్వస్థత రాలేదమ్మా అని నేనెట్టా చెప్పను? ఆమె పొందానంటోంది. పొందలేదనడానికి నేనెవణ్ణి? ప్రార్థన చేస్తాను. అంతకంటే నా చేతిలో లేదు."

ఉదయ్ కుమార్‌కి కోపం వచ్చింది. ఆ కోపంలోనే అడిగేశాడు. సరే, అయితే రేపు మీరు ఆ గుర్తు ఇవ్వొద్దు, పాట మూడుసార్లకే ఆపేద్దాం అన్నాడు.

"ఏ గుర్తు?"

"మీరు కళ్లజోడు తీస్తారు గదండీ. నాలుగో పల్లవికి ముందు."

పాస్టరుగారు జేబులోంచి కళ్లజోడు తీసి, అదేదో ఎవరిదో అన్నట్టు తిప్పి చూసుకున్నారు. చెమటకి మసకేస్తే తీసి పక్కన పెడతానన్నారు. ఎప్పుడు తీస్తానో తనకే తెలియదన్నారు. కీబోర్డు శ్రుతి మారుతుందని ఆయనెప్పుడూ గమనించలేదు. పాట పైకి వెళితే పరిశుద్ధాత్మ దేవుడు ఎత్తుతున్నాడనే అనుకున్నారు.

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. ఏడేళ్లుగా తమిద్దరి మధ్య ఉందనుకున్న ఒప్పందం ఎన్నడూ లేదని ఉదయ్ కుమార్‌కి అప్పుడు తెలిసింది. మరి ఏడేళ్లుగా ప్రతిసారీ, సరిగ్గా అక్కడే, ఆ కళ్లజోడు తీయించింది ఎవరు? ఖాళీ మందిరంలో చాపలు వరసగా పరిచి ఉన్నాయి. ఎండకి రేకులు టిక్కుటిక్కుమంటున్నాయి.

ఆ మధ్యాహ్నం ప్రార్థనకి అతను జ్వరమని చెప్పి వెళ్లలేదు. కీబోర్డు లేకుండానే జరిగింది. ఎట్లా జరిగిందని జయకుమారిని అడగడానికి ధైర్యం చాలలేదు. ఆమె చెప్పనూ లేదు. కళ్లు మాత్రం ఉబ్బి ఉన్నాయి.

*

ఆదివారం ఆమె పెళ్లినాటి తెల్లచీర కట్టుకుంది. సాక్ష్యం చెప్పాల్సిన వాళ్లతో పాటు మొదటి వరసలో కూచుంది. బడి మానుకోవడానికి వంక దొరకని పిల్లవాడిలా ఉదయ్ కుమార్ వెళ్లి కీబోర్డు ముందు నిలబడ్డాడు. రాత్రంతా ఆలోచించి ఒకటే తేల్చుకున్నాడు. ఆ బటను నొక్కడు. పాట ఉన్నచోటే ఉంటుంది. ఏమీ రాకపోతే జయకుమారికి అనుమానం వస్తుంది, సాక్ష్యం చెప్పకుండా లేచి వస్తుంది, సాయంత్రానికి బిళ్ల వేయించవచ్చు.

మొదటి పల్లవి, రెండు, మూడు. పాస్టరుగారు కళ్లజోడు తీయలేదు. తీయకూడదని గట్టిగా అనుకున్నారేమో, రెండు చేతులూ వెనక కట్టుకుని నిలబడ్డారు. అద్దాలు పూర్తిగా మసకేశాయి. అశోక్ మాత్రం అలవాటు చొప్పున పుల్లలు దించేశాడు.

ఉదయ్ కుమార్ వేలు కదపలేదు. పాట దానంతటదే లేచింది.

గొంతులన్నీ కలిసి ఒకేసారి గుమ్మం ఎక్కాయి. కింద మిగిలిన కీబోర్డు శ్రుతి చెవిని కోస్తున్నట్టుంది, కానీ ఒక్కరూ మొహం చిట్లించలేదు. గురవమ్మ నోరు తెరుచుకుంది. అప్పుడే మొదటి వరసలో జయకుమారి పడింది.

మోకాళ్ల మీద పడి ఉంటే, ఆత్మ దిగినప్పుడు అందరూ పడినట్టే అనుకునేవాడు. ఆమె పక్కకి, కట్టె విరిగినట్టు పడింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర లోపలికి తిరిగింది. మెడ బిగిసింది. అతనికి ఆ మలుపు తెలుసు. మామయ్య ఇంట్లో చిన్నప్పుడు రెండుసార్లు చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లు చేతులెత్తారు. ఎవరో హల్లెలూయ అన్నారు. ఆమె మడమలు నేలకి కొట్టుకుంటుంటే వెనక వరసల వాళ్లు ఆ తాళానికే చప్పట్లు అందుకున్నారు.

ఉదయ్ కుమార్ రెండు చేతులూ కీబోర్డు మీదనించి తీసేశాడు. మనుషుల్ని తోసుకుంటూ వచ్చి ఆమెని పక్కకి తిప్పి, తల కింద తన అరచెయ్యి పెట్టాడు. నోట్లోంచి నురగ, నురగలో ఎరుపు. డాక్టరు చెప్పినట్టు ఏమీ నోట్లో పెట్టలేదు, చేతులు పట్టి అదమలేదు. క్షణాలు లెక్కపెట్టాడు. జరగండి, ఇది మూర్ఛ, గాలి రానీయండి అని అరిచాడు. అతని అరుపు పాటలో కలిసిపోయింది. దగ్గరున్న ఒకామె అతని భుజం మీద చెయ్యి వేసి, అతనికీ ఆత్మ దిగిందనుకుని ఏడ్చింది.

నూట పది దాకా లెక్కపెట్టాక ఆమె ఒళ్లు సడలింది. అప్పుడు తలెత్తి చూశాడు. వేదిక మీద కీబోర్డు ఒంటరిగా ఉంది. దాని ఎర్రదీపం వెలుగుతోంది. మందిరం నిండా కీబోర్డులోని స్ట్రింగ్స్, ఆ వయొలిన్ల మోత, మోగుతున్నట్టే ఉంది. గొంతుల మూలుగు, రేకుల కప్పు తిప్పికొట్టే హోరు, అంతేనని అతనికి తెలుసు. తెలిసినా, అవి స్ట్రింగ్సే. తన చేతికి ఎన్నడూ రానంత మెత్తగా మోగుతున్నాయి.

*

పాస్టరమ్మగారి గదిలో జయకుమారికి తెలివి వచ్చేసరికి అరగంట పట్టింది. నాలుక తెగి వాచింది. తడిసిన చీర మార్చుకుని, గ్లాసులో నీళ్లు పుక్కిలించి, ఎర్రగా పడిన నీళ్ల వంక చూసుకుంది. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. డబ్బా తెచ్చావా బావా అని అడిగింది. అతను జేబులోంచి అట్ట తీశాడు. పొద్దున బయలుదేరేటప్పుడే పెట్టుకున్నాడు.

ఆమె బిళ్ల పిడికిట్లో పట్టుకుని లేచింది. పడుకో అంటే వినలేదు. సాక్ష్యానికి పేరు ఇచ్చానంది.

బయట జనం కదల్లేదు. ఆమె కోసమే కాచుక్కూచున్నారు. ఆమె మైకు దగ్గరికి వస్తుంటే దారిలో చీర కొంగు తాకినవాళ్లున్నారు. ఉదయ్ కుమార్ ఆమె పక్కనే మోచెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

"నాకు వచ్చింది ఫిట్సు" అంది. వాచిన నాలుకతో మాట ముద్దగా వచ్చింది, కానీ అర్థమయ్యేలాగే ఉంది. "చిన్నప్పటి నించీ ఉంది. బిళ్లలు మానేశాను. అందుకే వచ్చింది."

ఆమేన్ అన్నారు ముందు వరసలవాళ్లు.

"నాకు నయం కాలేదు."

స్తోత్రం అంది గురవమ్మ. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

జయకుమారి ఆగి, అందరి ముఖాలూ ఒకసారి చూసింది. మళ్లీ చెప్పింది, ఇంకా నెమ్మదిగా, పిల్లలకి చెప్పినట్టు. మీరెవరూ బిళ్లలు మానకండి. నేను తప్పు చేశాను. మాట మాటకీ మందిరం ఒక మెట్టు ఎక్కింది. పాస్టరుగారు లేచి, ఆమె చెప్పేది వినండి, దయచేసి వినండి అన్నారు. ఆయన గొంతు వణికింది. ఆ వణుకు విని వెనక వరసలు కూడా ఏడ్చాయి. ఆమె చివరికి మాటలు మానేసి, పిడికిలి విప్పి, అందరికీ కనపడేలా బిళ్ల నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. అప్పుడు మూడువందల మంది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచే వేళ తప్ప ఆ మందిరంలో అంత నిశ్శబ్దం అతనెప్పుడూ ఎరగడు.

ఇంటికి నడుస్తూ దారిలో అతను, వాళ్లు నీ మాట వినలేదు జయా అన్నాడు.

"విన్నారు బావా. వాళ్లు ఏది వినాలని వచ్చారో అదే విన్నారు." కొంతదూరం నడిచాక మళ్లీ అంది. "ఆ ఆదివారం నా నెత్తిన పడింది మాత్రం అబద్ధం గాదు. అది వేరు, ఈ జబ్బు వేరు. రెండూ ఒకటనుకున్నాను, అదే పొరపాటు."

ఆ సాయంత్రం రెండో బిళ్ల తనే గుర్తుపెట్టుకుని వేసుకుంది.

*

సోమవారం కల్లంలో పది గంటల వేళ, అతను టిక్కీలోంచి పైకి వచ్చి గోతాం కుట్టుకుంటున్నాడు. గురవమ్మ తొడిమలు తీయడం ఆపి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా వచ్చింది. ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది. నీ పెళ్లాం నిన్న వేసుకున్న బిళ్ల నాకొకటి ఇప్పించయ్యా అంది.

అది మూర్ఛకి వేసుకునేదని, మోకాళ్ల నొప్పికి పనికిరాదని, ఊరికే వేసుకుంటే ప్రమాదమని చెప్పాడు. ఆమె అన్నిటికీ తలూపింది. తెలుసయ్యా, ఆమె చెప్పింది గదా అంది. అయినా చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె వెనక మరో ఇద్దరు చేతులు దులుపుకుని లేచి నిలబడ్డారు. ఆ పైన ఇంకొకామె. పట్టాల మీద పరిచిన ఎర్రటి కాయల మధ్య వాళ్లు ఒక్కొక్కరే లేచి వస్తున్నారు. ఎవరూ తొందరపడటం లేదు.

బిళ్ల ఇవ్వనని, కావాలంటే రేపు బండి మీద పర్చూరు డాక్టరు దగ్గరికి తీసుకెళతానని ఉదయ్ కుమార్ గట్టిగా చెప్పాడు.

"అట్టాగే వస్తా" అంది గురవమ్మ. ఒప్పుకున్నందుకు అతను ఊపిరి పీల్చుకునేలోపే, ముందుకొచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది. "ముందు ఈ చేతులు ఒకసారి నా మోకాళ్ల మీద పెట్టయ్యా. నిన్న నువ్వు ఇవి తీసేసినాక గదా అసలు పాట మొదలైంది."

లాక్కోవాలనుకున్నాడు. నా చేతుల్లో ఏమీ లేదని చెప్పాలనుకున్నాడు. శుక్రవారం సాయంత్రం జయకుమారితో అన్నది దానికి సరిగ్గా ఎదురుమాట. ఆ ముసలామె వేళ్లు పొక్కులతో గరుకుగా ఉన్నాయి. పట్టు మాత్రం చంటిబిడ్డ పట్టులా ఉంది. అతను గోతాం సూది కింద పెట్టి, ఆమె ముందు గొంతుక్కూచుని, అరిగిపోయిన ఆ మోకాళ్ల మీద అరచేతులు ఆనించాడు. నూలుచీర కింద ఎముక వెచ్చగా ఉంది. ఆమె కళ్లు మూసుకుంది. ఆడవాళ్లు చుట్టూ చేరారు. మాబు కూడా గంప దించి నిలబడిపోయాడు. ట్రాక్టరు ఆగిపోయింది.

పాట లేదు. గుర్తు చెప్పేవాళ్లు లేరు. ఉదయ్ కుమార్ నడినెత్తి మీద వెంట్రుకలు మెల్లగా నిక్కబొడుచుకున్నాయి. ఈ తరవాత ఏం వస్తుందో, ఏడేళ్లలో మొదటిసారి, అతనికి తెలియలేదు.